ఛాతీ ఫోటో

గమ్హరియాలో కార్ఖానాల వెనక వీధి. సాయంత్రం. ఘాట్‌శిలా వైపు రాగి గనిలో పని కోసం వెళ్ళిన పోలరాజు అప్పుడే ఇంటికొచ్చాడు. భార్య జగదాంబ పొయ్యి దగ్గరుంది.

"మళ్ళీ చెప్పు, బావా. తీసుకోం అన్నారా?"

"తీసుకోం అన్నారు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇంకొక్కసారి చెప్పు. వినడానికి బాగుంది."

"నవ్వకు, జగదా. పనిపోయి ఇంట్లో కూకున్నోడిని, ఉన్న ఒక్క పనికీ పనికిరావన్నారంటే నవ్వుతావేటి?"

"నవ్వుతాను. గారెలు కూడా వేత్తాను. మా నాన్న దిగిన గోతిలోకి నువ్వు దిగక్కర్లేదు. ఇంకేటి కావాలి నాకు?"

"గొయ్యి కాదు. ఖదాన్."

"రాగి తీసేది గోతిలోంచే కదా. ఇన్నేళ్ళు మూసీసి నీళ్ళల్లో ఒదిలీసినోళ్ళు, ఇప్పుడెందుకు తోడుతున్నారో."

"బేటరీ బళ్ళకి. బండి నిండా రాగి తీగే. మోటారుకి రాగి, బేటరీకి రాగి, చార్జింగ్ పెట్టే చోట కూడా రాగే. పాత బండికి పట్టేదానికి మూడింతలో నాలుగింతలో పడతాదంట. ఎక్కడ కొంచెం రాగుందన్నా తవ్వుతున్నారు."

"నీ లేత్ మిషను ఆపింది కూడా ఆ బళ్ళే కదా."

"అవే. దాంట్లో ఇంజనుండదు, మేం చేసే గేర్లుండవు. ఆర్డర్లు తగ్గిపోతే మా సేఠ్ మాత్రం ఏటి చేత్తాడు?"

"ఇక్కడ పని తీసీసి, అక్కడ గోతిలో పని చూపిత్తాయి. మంచి బళ్ళే."

"బళ్ళననకు. స్టేషన్నుంచి టోటోలోనే, ఆ బేటరీ రిక్షాలోనే వచ్చాను. పొగ లేదు, మోత లేదు. హాయిగా ఉంది."

"కడుపు మీద కొట్టినదాన్నే ఎక్కి హాయిగా ఉందంటాడు చూడు."

"ఎక్కకపోతే నడిచి రానా? ఆ మంచినీళ్ళు ఇలగియ్యి."

"ఇదిగో. అవును, తీసుకోం అన్నదెందుకు? వయసెక్కువైపోయిందన్నారా?"

"అలాటిదే."

"అలాటిదే అంటే?"

"అలాటిదే అంటే అలాటిదే. ఎసట్లో బియ్యం పోసీసావా?"

"ఇప్పుడే పోత్తన్నా. ముగ్గురికీ."

"ఇద్దరికి పొయ్యి."

"మన హరి తినడేటి? పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా ఏసుకుని పోయాడు. ఆదిత్యపూర్‌లో బేటరీ బస్సుల డిపోలో ఇంటర్వ్యూ అన్నాడు. పెరుగన్నం కట్టిచ్చాను. దానితోనే ఉంటాడా ఎదిగిన పిల్లడు?"

"వాడికి వద్దు."

"నీతో మాట్లాడాడా? నేను చేత్తే ఫోను ఆఫ్ వత్తంది."

"చార్జింగ్ అయిపోయుంటది."

"ఇంటర్వ్యూకి వెళ్ళేవాడు చార్జింగ్ పెట్టుకోడా? అదే కదా వాడు చదివిన చదువు, బేటరీ, చార్జింగ్. వాడి ఉద్యోగం ఖాయమైతే నీ లేత్ పోయినా పర్వాలేదు. అమ్మోరికి రెండో మొక్కు కూడా తీర్చీసుకుంటాను."

"రెండోదా? మొదటిదేటి?"

"చెప్పను. నువ్వు తిడతావు."

"తిట్టను. చెప్పు."

"మొన్న మంగళవారం భాలుబాసా వెళ్ళాను. అమ్మోరి గుడికి."

"ఊఁ."

"నీకు ఆ పని రాకూడదని మొక్కుకున్నాను."

"బాగానే ఉంది. మొగుడికి పని రాకూడదని మొక్కుకునే పెళ్ళాం."

"మా నాన్నని నువ్వు చివరి యేడు చూడలేదు, బావా. పడుకుంటే ఊపిరాడేది కాదు. గోడకి ఆనుకుని కూకునే నిద్రపోయేవాడు. ఆ గోడ మీద ఆయన తలనూనె మరక ఇంకా ఉంది, మా తమ్ముడు ఎన్నిసార్లు సున్నం కొట్టించినా పోలేదు. గోతిలో దుమ్ము అంతా లోపల పేరుకుపోయిందని ఛాతీ ఫోటో తీసి చూపించారు. నీకూ ఆ ఫోటో తీత్తారని తెలిసింది. అందుకే మొక్కుకున్నాను."

"ఏటని?"

"ఫోటోలో ఏదో ఒక మచ్చ కనపడాలని."

"జగదా."

"లోపల ఉండాలని కాదు. ఫోటోలో కనపడాలని. అమ్మోరికి ఆ తేడా తెలీదేటి?"

"కనపడింది."

"ఏటి?"

"మచ్చ. అందుకే తీసుకోం అన్నారు."

"వయసన్నావు."

"నువ్వన్నావు. నేను అలాటిదే అన్నాను."

"నిజంగా ఉందా? లోపల?"

"గ్రైండింగ్ దగ్గర ధూళంట. ఇన్నేళ్ళు పక్కనే నిలబడ్డాను కదా. ఇప్పుడేటీ కాదు, పెద్దాసుపత్రిలో చూపించుకోమన్నారు. అంతే. ఏడవకు."

"ఏడవట్లేదు. పొగ."

"గేస్ పొయ్యికి పొగేటి?"

"నువ్వు గోతిలోకి దిగనేలేదు. పైనే ఉన్నావు. పైనుంటే ఏటీ కాదనుకున్నాను."

"అందరం అలగే అనుకున్నాం."

"రేపు ఆసుపత్రికి వెళ్దాం. వాళ్ళ పనీ వద్దు, వాళ్ళ ఖదానూ వద్దు. మా నాన్న పేరు మీద ఇంటికొక పని ఇత్తామన్నారు కదా, ఆ పేరుని కూడా వాళ్ళనే ఉంచుకోమను."

"ఊఁ."

"ఊఁ కాదు. అసలు నీ మెళ్ళో తాయెత్తేది? అది లేకుండా వెళ్ళావా?"

"ఫోటోకి తీసీమన్నారు. రాగిది కదా, అడ్డొత్తాదంట."

"తీసి ఎక్కడ పెట్టావు?"

"చొక్కా జేబులో. తరవాత కట్టుకుంటాను."

"ఇప్పుడే కడతాను. మేకుకే ఉంది కదా చొక్కా."

"జగదా, ఆ చొక్కా జోలికెళ్ళకు."

"చెమటకి నేనేటి భయపడతానా?"

"నేనే తీత్తాను. ఇలగియ్యి."

"ఇదేటి. రెండున్నాయి."

"అన్నం చూడు, పొంగుతంది."

"పొంగనీ. ఇది నీది. ఇది హరిది."

"రెండూ ఒకలాగే ఉంటాయి."

"ఉండవు. పళ్ళొచ్చేటప్పుడు కొరికీసాడు వాడు. ఇదిగో గాటు. ఇది వాడి మెడలోంచి నీ జేబులోకెలగొచ్చింది? వాడు ఆదిత్యపూర్ కదా వెళ్ళాడు."

"నాకూ అలగే చెప్పాడు. నేనెక్కిన రైల్లోనే వెనక పెట్టెలో ఎక్కాడంట. ఖదాన్ గేటు దగ్గర కనపడ్డాడు. ఆ డిపోలో ఎప్పుడో మనుషుల్ని తీసీసుకున్నారంట, నీతో చెప్పలేకపోయాడు."

"నువ్వు వెనక్కి పంపలేదా?"

"పంపబోయాను. చొక్కా పట్టుకుని లాగాను. అందరూ చూత్తున్నారు, నాన్నా వదులు, అన్నాడు. తాత పేరు మీద ఒకరికే కదా, నువ్వు పనికిరాకపోతే నేను, అన్నాడు."

"అయితే రాత్రికి..."

"ఈ రాత్రికి అక్కడే. ట్రైనింగంట. ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు."

"వాడికీ తీసారా? ఛాతీ ఫోటో?"

"తీసారు."

"మరి?"

"వాడి ఫోటోలో ఏటీ కనపడలేదు, జగదా."