మునిగిన పునాదులు

మెట్రో రైలు ప్రణాళిక వేస్తున్న ఇంజనీరు తడి బూట్లతోనే వంటింట్లోకి వచ్చింది. ఒకప్పుడు నది మీద వంతెన కట్టించిన ఆమె మామగారు బీన్స్‌కి ఈనెలు తీస్తున్నారు.

"మావయ్యగారూ, పొద్దున్న మీ వంతెన కింద గజ ఈతగాళ్లని దింపాం."

"ఇంకా బతికే ఉందా?"

"వేళాకోళం కాదు. పద్నాలుగు స్తంభాల పక్కనా, ఎగువ వైపు, నీళ్ల కింద పునాదులున్నాయి. ఒక్కోటీ మన హాలంత! పరీక్షిస్తే కొండరాయిలా ఉన్నాయి. మీ డ్రాయింగుల్లో మాత్రం లేవు."

"వేసవిలో పోయించాను. వానలకి మునిగిపోయాయి."

"ఎందుకు?"

"ఆ రోజుల్లో జనం బస్సు టాపెక్కి తిరిగేవాళ్లమ్మా. ఎప్పటికైనా రైలు కావాలనిపించింది. పైవాళ్లకి చెబితే నవ్వారు."

"సిమెంటు ఎక్కువ వాడారని మీ ప్రమోషన్ ఆపేసింది ఇందుకేనా? అత్తయ్యగారు నలభై ఏళ్లుగా దెప్పుతుంటే నోరు మెదపలేదే!"

"మెదిపితే ఇంకా దెప్పేది."

"ఆ పునాదుల మీద స్తంభాలు లేపితే రైలు నది దాటేస్తుంది. కానీ ఒక్క లైనే పడుతుంది. రెండో లైనుకి కొత్త వంతెన కట్టాలంటే గట్టు మీద తొమ్మిది వీధులు కూల్చాలి. ఐదింటికల్లా ఆ కూల్చివేత కాగితం మీద నేను సంతకం పెట్టాలి."

ఆయన పళ్లెం పక్కన పెట్టారు.

"ఎగువ వైపే దింపారా?"

"అవును."

"సంతకం ఆపు తల్లీ. దిగువ వైపు కూడా ఓసారి దింపు."