జెనోవాలో మోకరించిన మనిషి

ఇటలీ తిరిగొచ్చిన మొగుడూ పెళ్లాలు మార్కాపురం బస్సులో కూర్చున్నారు. ముప్పయ్యేళ్లు పలకల గనిలో పనిచేసిన అతనికి కిటికీ సీటు దొరికిన సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

“వెనిస్ పడవలు, రోమ్ పిజ్జాలు నేను జెప్తా. ఆదివారం చర్చిలో సాక్ష్యం నువ్వు జెప్పాల,” అంది భార్య.

“నేనా? దేనికి?”

“జెనోవా చర్చిలో మోకరించినావు గదా! ఈడ ఏనాడన్నా మోకరించినావా? పాస్టరయ్యకు ఫోన్ జేసి జెప్పినా.”

“అయ్యో! ఆడ నేలంతా మన పలకరాయే. పగులుందేమోనని వేలితో కొట్టి చూసినానే.”

“మరి కళ్లెందుకు మూసుకున్నావు?”

“రాయి మోగేది సరిగ్గా వినాలని.”

“లేచేటప్పుడు ఆమెన్ అంటివే. నా చెవులతో విన్నా.”

అతను తల గోక్కున్నాడు.

“ఖంగుమని అంత బాగా మోగిందే ఆ రాయి! నోటికి అదే వచ్చింది.”

“ఆదివారం అట్లనే జెప్పు.”