ఒకటి నుంచి ఐదు లోపల

ఉదయగిరిలో మధ్యాహ్నం. శీనమ్మ పంచలో కూచుని కందికాయలు ఒలుస్తోంది. ఎదురుగా మనవరాలు ఏంజెలిన్. ఒళ్లో ఫిలాసఫీ పీహెచ్‌డీ కోసం నింపాల్సిన ఫారం, మొహంలో చిరాకు.

“ఒకటి నుంచి ఐదు లోపల ఒక నంబరు చెప్పవ్వా అంటే, ఆదికాండం నుంచి మొదలుపెడతావేంది!”

“అలసటకు నంబరేందే పాపా? పొద్దన ఒక రకం, మాపటికి ఒక రకం. అలిసినానంటే అలిసినాను.”

“నాకు తెలీదా? నా థీసిసే అది! అన్నిటికీ కొలతలు పెట్టి పెట్టి, ఆ కొలతలు ఏ బతుకులోంచి పుట్టినాయో ఆ బతుకునే మరిచిపోయినాము, మన బుద్ధికి పట్టిన జబ్బు అదీ అని నాలుగేళ్లుగా రాస్తా ఉండాను.”

“మరి నన్ను నంబర్లు అడగతావేంది?”

“మా గైడు జనార్దనయ్య సార్ డేటా లేకుంటే థీసిస్ మీద సంతకం పెట్టనన్నాడు. సోమవారం కల్లా ముప్పై ఫారాలు. నీదే ఆఖరిది.”

“తాగొద్దని చెప్పేదానికి సారాయి బుడ్డి పట్టుకోని తిరిగినట్టుండాది.”

“నవ్వు, నవ్వు. నాకు ఏడుపొస్తా ఉండాది. సరే, ఇదొక్కటి చెప్పు, లేస్తాను. మిషన్ చూపించేది ఒకటి, నీ మనసుకు తెలిసేది ఇంకొకటి అయితే, దేన్ని నమ్ముతావు? మిషన్నే నమ్మితే ఐదు. నీకు తెలిసిందాన్నే నమ్మితే ఒకటి.”

“ఆ గంప ఇట్టా జరుపు.”

“అవ్వా.”

“ఈ తూరి కాయలన్నీ పుచ్చిపోయినాయి.”

“అవ్వా! నీది ఒకటేలే. నాకు తెలుసు. వేసేస్తా ఉండా.”

“వేయబాక.”

“ఎందుకూ? వానొస్తదో లేదో ఫోన్లో చూస్తావా నువ్వు? గాలి చూసి చెప్తావు. నా నాలుగో అధ్యాయమంతా నువ్వే. చదువుకున్నోళ్లం మేము పోగొట్టుకున్నది నీ దగ్గర భద్రంగా ఉండాదని రాసినాను.”

“నన్ను రాసినావా? నన్నెందుకే?”

“ఇంకెవుర్ని రాయాల? అమ్మ పోయి రెండేళ్లు. ఆ పొద్దు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకోని ‘లోపల ఏందో బాగలేదు పాపా’ అనింది. రిపోర్టులన్నీ నార్మలే, పదమ్మా ఇంటికి అన్నాను. చదువుకున్నదాన్ని కదా! నువ్వు ఆస్పత్రికి వచ్చుంటే మొహం చూసి కనిపెట్టేదానివి. కదలనిచ్చేదానివి కాదు.”

“ఇంటికొచ్చినాక పక్కనుండింది నేనేగా.”

“నీతో ఏమీ చెప్పలేదు కదా. చెప్పుంటే నువ్వు...”

“ఐదు వెయ్యి పాపా.”

“ఏందీ?”

“ఐదు వెయ్యమంటున్నా.”

“ఊరికే చెప్పబాకవ్వా! నా అధ్యాయమంతా పోతది.”

“పోతే పోనీ. ఆ మాపు నువ్వు మందులకని ఆత్మకూరుకు పోయినప్పుడు మీ అమ్మ నాకూ చెప్పింది, లోపల బాగలేదత్తా అని. మొహం చూసినాను. నాకు తెలిసిపోయింది. అయినా నువ్వు దాని వేలికి తగిలించి పోయిన ఆక్సిజన్ మిషన్ దిక్కు చూసినాను. అచ్చరాలు రావు గానీ, అంకెలొచ్చు కదా నాకు. ‘తొంభై ఎనిమిది ఉండాది, నీకేం గాదు, పడుకో అనురాధా’ అన్నాను.”