మంగరాజు అడిగిన మాట

జరుగుండ్రి, జర దగ్గరికి జరుగుండ్రి. తలుపుకాడ నిలబడ్డోళ్లు గూడ లోపలికి రాండ్రి, మంచాల మీద కూసోండ్రి. ఎవరి మంచమైతేంది? తాళాలు పక్కకు పెట్టుండ్రి, భజన తర్వాత. ప్రతి శుక్రారం మీరే అంటరు గదా, పోశన్న నోరు తెరిస్తే పొద్దు తెల్వదని. ఇయ్యాల ఆ నోరు తెరవాలంటేనే పానం మీదికొస్తున్నది. రాజన్న దేవుని పటం ముంగట దీపమైతే పెట్టిన గని, ఆయన మొఖం దిక్కు చూడలేకపోతున్న.

గంగాప్రసాదూ, నువ్వు గీడ కూసో, నా ఎదురుంగ. వద్దు, లేవకు. గా మెత్త నడుముకు పెట్టుకో. రేపు ఇంటికి విమానమెక్కేటోనివి... ఆగు, ఏమనకు. నేను చెప్పేది అయ్యేదాక నువ్వేమనకు. నువ్వొక మంచి మాట అంటవు, నేను దాని చాటుకు దాక్కుంట. నా సంగతి నాకెర్క.

కొత్తగ వచ్చినోళ్లకు తెల్వదు గావచ్చు. నెల కింద, రిఫాల విల్లాలు కట్టే సైటుల ఇనుప సలాకలు కట్టుకుంట కట్టుకుంట గీ గంగాప్రసాదు పడిపోయిండు. ఎండదెబ్బ. పదకొండు రోజులు దవాఖానల ఉన్నడు. కిడ్నీలు దెబ్బతిన్నయి, ఇగ ఎండల బరువు పని ముట్టొద్దన్నడు డాక్టరు. ముప్పై నాలుగేండ్లోనికి! సలాకల పని తప్ప ఇంకోటి నేర్వనోనికి!

ఏం రాత రా దేవుడా అని మీరంత అన్నరు. మీతోని నేను గూడ అన్న. ఎంత మంచిగ అన్న!

రాత గాదు అయ్యా. ఈ నోరు.

దానికి ముందు శుక్రారం గీ అర్రల్నే శ్రావణ సోమారాల గురించి చెప్పిన, యాదికున్నదా? ఒక్కపొద్దు ఉంట అన్నడు గంగాప్రసాదు. ఇంటికాడ పెండ్లాం శోభారాణికి కడుపుల గడ్డ తీసే ఆపరేషన్ ఉండె, మంచిగ కావాలని మొక్కు. అండ్ల తప్పేమున్నది? మా అవ్వ బతికినన్ని రోజులు ఒక్కపొద్దులున్నది, చెంబులకు చెంబులు నీళ్లు తాగేది. ఏ దేవుడూ కోపం చేయలే. ఆ సంగతి నాకు తెల్వదా? తెలుసు. తెలిసి గూడ ఏమన్న?

"నీళ్లు తాగుకుంట ఉండుడైతే ఒంటె గూడ ఉంటది గదరా, నీ గొప్పేంది?" అన్న.

అందరు పకపక నవ్విండ్రు. మీరు నవ్వితే నాకు కడుపు నిండుతది, అబద్ధమెందుకు. గంగాప్రసాదు మాత్రం నవ్వలే. తల ఊపిండు. నేను చూసిన, చూసి గూడ ఇంకో పాట అందుకున్న.

ఇగ సోమారం. చుక్క నీళ్లు గూడ ముట్టకుంటనే వచ్చిండు గంగాప్రసాదు. పని ఎక్కకముందు రోజూ లెక్కనే సేఫ్టీ సారు అందర్ని నిలబెట్టి హిందీల చెప్పిండు. మనోళ్లల్ల చానమందికి హిందీ అంతంతే గదా, తెలుగోళ్లందరికి నేనే నోరు. ఆయన పది నిమిషాలు చెప్పిండు. ఏం చెప్పిండో ఇప్పుడు వినుండ్రి, ఆ పొద్దు వినాల్సినోళ్లు.

ఇరవై నిమిషాలకోసారి నీళ్లు తాగుండ్రి అన్నడు. తల తిరిగితే, మాట తడబడితే పని ఇడిచిపెట్టి నీడకు రాండ్రి అన్నడు. ఎండల ఉండి చెమట బంద్ అయిందంటే పానానికే మోసం, పక్కోడు చూసి కేకెయ్యాలె అన్నడు. ఉపాసమున్నోళ్లెవరన్న ఉంటే చెయ్యెత్తుండ్రి, షెడ్డుల సామాన్ సర్దే పని ఇస్త, జీతం కోయను, సిగ్గుపడకుండ్రి అన్నడు.

మరి నేనేం చెప్పిన?

"ఎండ మస్తున్నదట! జర పైలమట! గీయన చెప్తెగని మనకు తెల్వదు పాపం!"

మళ్ల నవ్వులు. సైటంత నవ్వులు. పది నిమిషాల మాటను నేను గుటుక్కున మింగేసిన. ఎందుకంటే నా ఎనుక నలభైమంది నిలబడి, పోశన్న ఇయ్యాల ఏం జోకేస్తడా అని చూస్తున్నరు.

ఒక్క మంగరాజు నవ్వలే. ఏం తమ్మీ, యాదికున్నదా? "పోశన్న గారూ, అంతేనా అండీ ఆయన చెప్పింది? అంతసేపు మాట్లాడేరు కదండీ!" అన్నడు. నిజాయితీగ అడిగిండు. నేనేమో, "మీ గోదారోళ్లు ఒక మాటకు పది అండీలు తగిలిస్తరు, సారుది గూడ గంతే" అన్న. పాపం, నలుగురు నవ్వేసరికి ఎనుకకు జరిగిండు. ఆ ఎనుక కాగితం వచ్చింది. అర్థమైందని అందరం సంతకం పెట్టినం. గంగాప్రసాదు నా పెన్నుతోనే పెట్టిండు.

పదిన్నర అయింది. ఎండకాలం రూలుకు పన్నెండింటికి పని బంద్, ఇంకో గంటన్నర. ఆ పొద్దు గాలి లేదు, సముద్రపు ఆవిరికి చొక్కలు పిండితే నీళ్లు. పక్కకు చూస్తే గంగాప్రసాదు ఒళ్లు పొడిగున్నది. మొఖం ఎర్రగ, చెమట చుక్క లేదు. నన్ను చూసి "బాపూ" అన్నడు. వాళ్ల బాపు సచ్చిపోయి ఆరేండ్లాయె.

నేనేమనుకున్ననో చెప్పాల్నా? చెప్త. రాజన్న వీన్ని సల్లగ చూస్తున్నడు అనుకున్న. ఉపాసమున్న భక్తునికి ఎండ గూడ తగుల్తలేదనుకున్న! చెయ్యెత్తి మొక్కిన గూడ. సేఫ్టీ సారు చెప్పిన గుర్తు నా చెవులల్లనే ఉన్నది, నేను దాన్ని మింగి నాలుగు గంటలు గూడ కాలే. దేవుడు నీళ్ల పీపా పది అడుగుల దూరంల పెట్టిండు, హెచ్చరిక నా నోట్లె పెట్టిండు. ఇంకేం మహిమ చేయమంటరు ఆయన్ని?

అప్పుడు పడ్డడు, సలాకల మీద. ఐసు నీళ్ల పీపా ఎత్తుకొచ్చి పోసింది మంగరాజే. నేను "రాజన్నా, రాజన్నా" అనుకుంట నిలబడ్డ.

శోభారాణి ఆపరేషన్ మంచిగైంది. ఫోన్ జేసి నాతోనేమన్నదో ఎర్కేనా? "అన్నా, నువ్వు పక్కన ఉన్నవు గాబట్టి బతికిండు" అన్నది. నేను "అంత దేవుని దయ చెల్లే" అన్న.

ఇగో, ఇదే నా తప్పు. అయిపోయింది.

...ఏం మంగరాజూ, గట్ల చూస్తున్నవు? అడుగు. ఆ పొద్దు అడిగినట్టే అడుగు. అంతేనా అని.

అంతే గాదు.

దవాఖానకు సేఫ్టీ సారు, ఎట్ల జరిగిందో రాసుకునే కాగితం పట్టుకొని వచ్చిండు. గంగాప్రసాదు మాట హిందీల చెప్పనీకె మళ్ల నేనే. నీకెవరన్న ముందు చెప్పిండ్రా అని అడిగిండు సారు. గీ పిలగాడు, ముక్కుకు గొట్టం ఉండంగ, నా దిక్కు చూసి, "పోశన్న అంత చెప్పిండు సార్, నేనే ఇనలే" అన్నడు. నన్ను కాపాడనీకె అన్నడు. నేను?

ఆ ఒక్క మాటను మాత్రం అక్షరం పోకుండ హిందీల చెప్పిన.

కాగితం మీద తప్పు గంగాప్రసాదుదని పడ్డది. రేపు పొద్దుగాల సారు ఈయన పాస్‌పోర్టు ఈయనకు ఇయ్యనీకె వస్తడు. అప్పుడు మీ అందరి ముంగట ఇదంత హిందీల చెప్త, జోకు లేకుండ. ఉద్యోగం ఉంటదో పోతదో. గంగాప్రసాదూ, మాఫ్ చెయ్యమని అడుగను. నువ్వు చేస్తవు, అదే నా భయం.

మీరొక్కటి యాది పెట్టుకోండ్రి. నా పాటలు గాదు, నా కథలు గాదు. మంగరాజు ఆ పొద్దు చేసిన పని. మాట చెప్పేటోడు నేనైనా, నా తర్వాత ఇంకెవడైనా, పొద్దుగాల పని ఎక్కకముందు ఒక్కడన్న "అంతేనా?" అని అడగాలె. నలుగురు నవ్వితే మళ్ల అడగాలె. రేపు సారు ముంగట నేను మాట్లాడుడు అయిపోంగనే, మొదలు నన్నే అడుగుండ్రి.