నిమ్మరంగు గోడ

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి మెల్లగా జారి, అప్పుడే నిమ్మరంగు వేసిన గోడ మీద వాలింది. నిచ్చెన మీద కూర్చుని రంగు వేస్తున్న తమ్ముడికి గది మొత్తం నీళ్ళలో తేలుతున్నట్టుంది. కింద రంగులు కలుపుతున్న అక్క తలెత్తి అతని మొహంలోకి చూసింది.

“ఒరేయ్, నీ కళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయేంట్రా?”

“గోడ రంగు పడుతోందక్కా.”

“నిన్న నీలం గదిలోనూ ఇలాగే ఉన్నాయి.”

అతను నవ్వాడు. ఆ నవ్వు అతనికే ఎక్కడో దూరంగా వినిపించింది.

“నిద్ర రాకుండా చేసే ఆ మాత్రలు ఇంకా మింగుతున్నావా?”

“రెండు చోట్ల పని ఒప్పుకున్నా కదా. అవి వేసుకుంటే రోజుకి చివరే ఉండదక్కా. మబ్బుల మీద నడుస్తున్నట్టుంటుంది.”

“అన్నం సయిస్తోందా?”

“లేదు. రంగుల వాసన వల్లేమో అనుకున్నా.”

“నొప్పేమైనా ఉందా?”

“కుడి డొక్కలో కాస్త బరువుగా ఉంటోంది. నిచ్చెన ఎక్కీ దిగీ అనుకున్నా.”

“నీ మొహం! అన్నిటికీ ఈ పనే దొరికిందా? ఏ మందు మింగినా అరిగించుకోవాల్సింది కాలేయమేరా. అందరికీ అన్నీ పడవు. డాక్టర్ని ఒక్క మాట అడిగావా? ముందు దిగు.”

చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కెళ్ళింది. తెల్లరంగు నమూనా అట్ట అతని కంటి పక్కన ఆనించి, చేతికి అద్దం ఇచ్చింది.

“ఇక్కడ ఏ గోడా లేదు. ఇప్పుడు చెప్పు, ఏం రంగు?”

రంగు విషయంలో అతను ఎన్నడూ అబద్ధం ఆడి ఎరగడు. చాలాసేపు చూశాడు. జేబులోంచి మాత్రల అట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇది మనం కలిపిన రంగు కాదక్కా. ఆసుపత్రికి పద.”