ముగ్గురి అడుగులు

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే గది. తత్వశాస్త్రపు చిక్కుప్రశ్నల పుస్తకం రాసింది అన్నయ్య, దిద్దేది చెల్లెలు. అతను రాతప్రతి పైకి చదువుతుంటే ఆమె ప్రూఫుతో సరిచూస్తోంది.

“మళ్ళీ చదువు. ఈగ దగ్గర్నుంచి.”

“‘ఈగను మరిగే నీళ్ళలో ఉడికించి, కామా, ఒక్క క్రిమి కూడా లేదని పరీక్ష చేసి, కామా, పట్టకారుతో మీ టీలో ఒక్కసారి ముంచి తీశారు, ఫుల్‌స్టాప్. ఆ టీ తాగుతారా, క్వశ్చన్ మార్కు.’”

“ఛీ.”

“ఛీ అని లేదక్కడ.”

“నేనంటున్నాను. నా టీ ఇక్కడే ఉంది. ఇక తాగినట్టే.”

“చూశావా. క్రిమి లేదని తెలుసు, నీ కప్పులో ఈగే లేదని తెలుసు. అయినా తాగవు. అసహ్యం తెలివి మాట వినదు. ఆ అధ్యాయమంతా అదే.”

“అధ్యాయానికేం, బాగానే ఉంది. పట్టకారు అచ్చులో పట్టాకారు అయింది, దిద్దాను. దేవుడూ బండా నిన్ననే చూసేశాను.”

“ఎలా ఉంది?”

“దేవుడు తను మోయలేనంత బండని తయారు చేయగలడా అని నాలుగు పేజీలు రాశావు. ఆ సంగతి నాకు తెలీదు గానీ, మనం మోయలేనివి మాత్రం చేసి నెత్తిన పెడతాడు. ఆ ముక్క రాయాల్సింది.”

“రాస్తే భక్తులంతా నా మీద పడేవాళ్ళు.”

“డబ్బాలో పిల్లి మాత్రం నా బుర్రకెక్కలేదన్నయ్యా. మూత తీసేదాకా బతికీ ఉంటుంది, చచ్చీ ఉంటుంది అంటావు. ఏదో ఒకటే కదా ఉండేది. తీసి చూడమను, పీడా పోతుంది.”

“తీస్తే ఇక ఒకటే మిగులుతుందే. అందుకే కొందరు తీయరు.”

“సర్లే. నలభై ఏడో పేజీ.”

“నలభై ఏడు నేను ఇంటికి తీసుకెళ్ళి చూసుకుంటాను. నలభై ఎనిమిది తీయి.”

“నాలుగింటికి ఈ పేజీలు మిషనెక్కుతాయి. ఇంటికెళ్ళి ఎప్పుడు చూస్తావు, అచ్చయ్యాకా?”

“చిన్న పేజీ. తప్పులుండవు.”

“తప్పులుండవని రచయితలంతా అంటారు. అందుకే నాకు జీతమిస్తున్నారు. చదువు.”

“పిచ్చుకా...”

“ఇక్కడ పిచ్చుకా అనకు. ఈ కీచు గొంతుకి ఆ పేరొకటని పక్క గదిలో నవ్వుకుంటారు. చదువు.”

“‘మీరు నడిచి వెళ్తున్నారు, ఫుల్‌స్టాప్. పక్కన వాననీళ్ళు నిండిన పాత క్వారీ గుంత, ఫుల్‌స్టాప్. అందులో ఎనిమిదేళ్ళ పిల్లవాడు మునిగిపోతున్నాడు, ఫుల్‌స్టాప్. మీ కాళ్ళకి కొత్త బూట్లు, కామా, నల్లవి, కామా, మడమ కింద ఇనుప మేకులు కొట్టినవి...’”

“ఆగు.”

“ఏం, కామా పడలేదా?”

“ఆగమన్నాను. ఏమిటిది?”

“పాత ఉదాహరణే. ఎక్కడెక్కడి క్లాసుల్లోనూ చెప్పేదే. బూట్లు పాడవుతాయని ఎవరైనా పిల్లాణ్ణి అలా వదిలేస్తారా అని...”

“ఎక్కడెక్కడి క్లాసుల్లోనూ క్వారీ గుంతే ఉంటుందా? పిల్లాడికి ఎనిమిదేళ్ళే ఉంటాయా? మడమ కింద మేకులుంటాయా?”

“ఏదో ఒకటి రాయాలి కదే.”

“చిన్నన్నయ్యని రాశావు.”

“పేరు రాయలేదు.”

“పేరు రాయలేదట. వాడి చావుని ఎక్కాల పుస్తకంలో లెక్కలా వేశావు. కింద ప్రశ్న కూడా ఉంది, ‘మీరైతే ఏం చేస్తారు’ అని. ఇన్నేళ్ళ బట్టీ కాలేజీలో పిల్లల్ని ఇదే అడుగుతున్నావా?”

“ఇరవై ఏళ్ళుగా.”

“ఏమంటారు?”

“దూకేస్తాం సార్ అంటారు. అందరూ. బూట్లతోనే.”

“విప్పి దూకుతామని ఒక్కడూ అనలేదా?”

“ఒక్కడూ అనలేదు. ఒక్కడన్నా అంటే వాణ్ణి ఓ మాట అడుగుదామనుకున్నాను.”

“ఏమని?”

“తర్వాత ఎలా నిద్రపడుతుందిరా అని.”

“అనడు. మనిషి పుట్టుక పుట్టినవాడెవడూ అనడు. నువ్వు లేసులు విప్పావు. మేజోళ్ళు మడిచి బూట్లలో దోపావు. జత విడిపోకుండా గట్టు మీద పెట్టావు. అప్పుడు దిగావు. ఈత వచ్చినవాడివి. అమ్మ చచ్చేదాకా అదే మాట, ‘మేజోళ్ళు మడిచి పెట్టాడే, మడిచి పెట్టాడే’ అని.”

“తెలుసు.”

“ఆ బూట్లు అటక మీద దాచింది తెలుసా? ఒక్క చుక్క నీళ్ళు పడలేదు వాటి మీద. ఎప్పుడైనా నీ మీద జాలేస్తే దింపి చూసుకునేది. చూస్తే జాలి పోయేదట.”

“అదీ తెలుసు.”

“నీ చేతి మంచినీళ్ళు తాగలేదు చివరిదాకా. ఆస్పత్రిలో నువ్వు గ్లాసు అందిస్తే మొహం గోడవైపు తిప్పుకుంది. నాలుక పిడచకట్టుకుపోతోంది, అయినా తాగలేదు. నేనిస్తే తాగింది.”

“ఉడికించిన ఈగననుకుంది పాపం.”

“ఇప్పుడు కూడా జోకేనా?”

“జోకు కాదే. నాలో క్రిమి ఉందో లేదో ఆమెకి ఎవరూ పరీక్ష చేసి చూపించలేదు కదా.”

“చూపించడానికేముంది. నీకో మాట చెప్పనా? ఇన్నాళ్ళూ నోట్లోనే పెట్టుకున్నాను. నువ్వు మా ఇంటికొచ్చి నా పిల్లల్ని ఎత్తుకునేవాడివి చూడు. నువ్వు గుమ్మం దాటగానే వాళ్ళకి స్నానం చేయించేదాన్ని. సబ్బేసి రుద్ది మరీ. నువ్వంటే ప్రేమ లేక కాదు. ఆ చేతులంటే రోత. లేసులు విప్పిన చేతులు.”

“వేణ్ణీళ్ళతోనేనా?”

“ఏమిటి?”

“ఏం లేదు. నేను వచ్చేది ఎక్కువ చలికాలం సెలవుల్లో కదా. జలుబు చేస్తుందని.”

“ఇదిగో, ఇలా మాట్లాడతావనే నాకు ఒళ్ళు మండేది. తిడితే తిరిగి తిట్టవు. కొట్టినా దులుపుకుని కూర్చునేలా ఉన్నావు. అసలెందుకు విప్పావు? ముప్ఫై రెండేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారైనా చెప్పావా?”

“పన్నెండేళ్ళవాణ్ణి. కొత్త బూట్లు.”

“నాన్నంటే భయం, అంతేగా?”

“ఆయన ఆ పొద్దున తొడిగిస్తూ అన్నాడు. తడిపావో, తోలు తీస్తానని. ఇంట్లో అందరూ విన్నారు.”

“తోలు తీస్తే తీస్తాడు. మళ్ళీ వస్తుంది తోలు. చిన్నన్నయ్య వస్తాడా? రెండు లేసులు విప్పడానికి ఎంతసేపు పట్టింది నీకు?”

“రెండోది ముడిపడింది.”

“ఛీ. నువ్వు చెప్పకు ఇంక. నాకు వాంతయ్యేట్టుంది.”

“నువ్వే అడిగావు.”

“నేనైతే దూకేదాన్ని.”

“నీకు నాలుగేళ్ళు.”

“నాలుగేళ్ళైతే ఏం? దూకకపోయినా అరిచేదాన్ని. ఊరికే పెట్టారా పిచ్చుకని? ఆ గొంతుతో అరిస్తే అరమైలు దూరాన ఉన్నవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చేవాళ్ళు. కనీసం అరిచేదాన్నన్నయ్యా.”

“అరిచేదానివి.”

“నా ఖర్మ, ఇంట్లో పడుకుని ఉన్నాను. మిట్టమధ్యాహ్నం, ఉక్కపోతలో, నిండా దుప్పటి కప్పుకుని పడుకున్నానట. ఎవరు కప్పారో మహానుభావులు.”

“ఆ రోజుది ఏమైనా గుర్తుందా నీకు?”

“ఒక్కటే గుర్తుంది. చెప్పులు కనపడలేదు. నా ఎర్ర చెప్పులు. వాటికోసం ఇల్లంతా ఏడ్చాను. వాడు పోయి అందరూ గుండెలు బాదుకుంటుంటే దీనికి చెప్పులు కావలసి వచ్చాయి, దిక్కుమాలిన పిల్ల అని పెద్దమ్మ వీపు మీద ఒకటి వేసింది. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.”

“నాలుగేళ్ళ పిల్లకి పాపమూ పుణ్యమూ ఏముంటాయే. ఏమన్నా, ఏం చేసినా. ఈ మాట మర్చిపోకు.”

“ఒట్టేయించుకుంటున్నట్టు అంటావేమిటి?”

“ఊరికే. పద, పని చూద్దాం.”

“పనే చూస్తున్నాను. ఈ పేజీ తీసెయ్.”

“తీస్తే తర్వాతి పేజీలన్నీ జరుగుతాయి. నువ్వే అన్నావు, నాలుగింటికి...”

“అయితే నిజం రాయి. ‘బాటసారి లేసులు విప్పాడు’ అని రాయి. ప్రశ్న అడిగి పెద్దమనిషిలా పక్కకి తప్పుకోకు. రాయకపోతే ఈ పుస్తకానికో దణ్ణం, నీకో దణ్ణం. మళ్ళీ మా గుమ్మం తొక్కకు.”

“రాసెయ్.”

“ఏమిటి?”

“ఎర్రసిరాతో మార్జిన్లో రాసెయ్. ‘అతను లేసులు విప్పాడు. అతను ఈ పుస్తకం రాసినవాడే.’ కింద సంతకం పెడతాను.”

“నిజంగానా?”

“రాయి.”

“ఎందుకు విప్పాడో?”

“అదక్కర్లేదు.”

“చదివేవాడు అడగడూ?”

“చదివేవాడు ఛీ అనుకుంటే చాలు. కారణం చెబితే సాకులా ఉంటుంది.”

“ఇంత తేలిగ్గా ఒప్పుకుంటావనుకోలేదు. సరే, రాశాను. సంతకం పెట్టు. ఊఁ. మిగతా రెండు లైన్లూ చదివేస్తే నలభై ఏడు అయిపోతుంది.”

“‘చుట్టుపక్కల పెద్దవాళ్ళెవరూ లేరు, ఫుల్‌స్టాప్. గట్టు తడిమట్టి మీద ఇద్దరి అడుగులే ఉన్నాయి, ఫుల్‌స్టాప్.’ నలభై ఎనిమిది తీయి.”

“ఉండుండు. ఇక్కడ ‘ముగ్గురి’ అని ఉంది.”

“కంపోజింగ్ తప్పు. ఇద్దరి అని దిద్దు.”

“ఏదీ, నీ కాగితం ఇటివ్వు.”

“ఇప్పుడే చదివాను కదే.”

“రాతప్రతి చూడకుండా మాట మార్చకూడదు. నీకున్నన్ని శాస్త్రాలు నాకు లేవు, ఇదొక్కటే ఉంది. ఇటివ్వు.”

“టైమైపోతోంది...”

“ఇటివ్వన్నయ్యా. ఇదిగో, చూడు. నీ చేతిరాతే. ‘ముగ్గురి అడుగులు.’ కంపోజ్ చేసినమ్మాయి సరిగ్గానే కొట్టింది. నువ్వే లేనిది చదివావు.”

“పొరపాటున రాసుంటాను.”

“పిల్లాడొకడు, బాటసారొకడు. మూడో మనిషెవరు?”

“ఎవరూ లేరు. దిద్దెయ్యవే.”

“ఎవరూ లేకపోతే పైన ఈ రెండు లైన్లూ ఇలా ఎందుకు కొట్టేశావు? కాగితం చిరిగేలా?”

“బాగా రాలేదు.”

“బాగా రాకపోతే ఓ గీత గీస్తారు. నువ్వు పూడ్చిపెట్టావు.”

“రాస్తే గుండె కాస్త తేలికవుతుందేమోనని రాసి చూశాను. కాలేదు, కొట్టేశాను. కొట్టేసినవాణ్ణి కింద ముగ్గురిని ఇద్దరు చేయడం మర్చిపోయాను. అంతే. పిచ్చుకా, నువ్వన్నట్టే చేద్దాం. పేజీ మొత్తం తీసేద్దాం. ఓనరుతో నేను మాట్లాడతాను.”

“ఇందాక తీయనన్నావు.”

“ఇప్పుడు తీస్తానంటున్నాను.”

“అంటే ఇంకెవరో ఉన్నారన్నమాట అక్కడ. ఉండి చూస్తూ నిలబడ్డారు. వాళ్ళని నువ్వు వెనకేసుకొస్తున్నావు. అమ్మ నిన్ను అసహ్యించుకుంది, నేను అసహ్యించుకున్నాను, ఆ మనిషి మాత్రం ఎక్కడో పెళ్ళాంబిడ్డలతో హాయిగా తిని పడుకుంటున్నాడు.”

“అలా అనకు. ఆ మనిషిని ఏమీ అనకు.”

“అంటాను. వందసార్లు అంటాను. కిటికీ వెలుతురుకి పెడితే ఎంత కొట్టేసినా కనపడుతుంది. ఇలాంటివి చదవడమే నా ఉద్యోగం.”

“మూత తీయకే.”

“ఏ మూత?”

“నా మాట వినవే. నేను నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఇదొక్కటి విను.”

“‘వెనకాల... చిన్న పాప నిలబడి ఉంది, ఫుల్‌స్టాప్.’”

“చాలు.”

“‘నాలుగేళ్ళది, కామా, ఎర్ర...’ ఇది ఎర్ర అనేనా? ‘ఎర్ర చెప్పులు వేసుకుంది, ఫుల్‌స్టాప్.’”

“ఆ కాగితం ఇచ్చెయ్, తల్లీ.”

“‘అతను బూట్లతోనే దూకబోయాడు, ఫుల్‌స్టాప్. పాప అరిచింది, కామా, కోట్ మొదలు...’”

“చదవకే.”

“‘అన్నయ్యా, కామా, బూట్లు తడుస్తాయి, కామా, నాన్న తోలు తీస్తాడు, ఫుల్‌స్టాప్.’”