పిల్లి సంగతి విడిగా మాట్లాడుకోండి

ఆపాను. అవును, మీ మెయిలు చదవకుండానే ఆపాను. ఏం, పక్షపాతమా? నాకా? ఆ మాట మిషను కింద తల దూర్చి కాదు మెకానిక్ గారూ, బయటికొచ్చి నా మొహం చూసి అనండి.

సరే సరే, రాకండి. అక్కడే ఉండండి. మీరు కనబడకపోతేనే నాకు నోరు పెగులుతుంది.

ఈ కుట్టుమిషన్ల మెయిల్ గ్రూపుకి కాపలా నేను అడిగి తెచ్చుకున్నానా? విడిభాగాల కొట్టు పెద్దాయన నాకంటగట్టాడు. "అమ్మాయ్, నువ్వు నోట్లో నాలుక లేనిదానివి, నీకే తగును. అందరి మెయిళ్లూ ముందు నీకొస్తాయి. మిషను సంగతైతే వదులు, కాకపోతే ఆపు" అన్నాడు. ఐదో తరగతితో ఆగిన చదువు నాది. ఒక్కో అక్షరం వెతుక్కుని కొడతాను. అయినా మాట తప్పానా? మోకాళ్ల నొప్పుల నూనె అమ్ముకునేవాణ్ణి ఆపాను. మా వదిన తమ్ముడు పాటలు పంపితే వాణ్ణీ ఆపాను. వదిన ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉంది.

మరి ఆ పరదాలు కుట్టే ఆవిడేం పైనుంచి దిగొచ్చిందా?

మొదటి మెయిలు బానే రాసింది. కుట్లు దాటేస్తున్నాయి, బాబిన్ కేసులో పిల్లి వెంట్రుకలు ఇరుక్కుంటున్నాయి అంది. మిషను సంగతే కదా, వదిలాను. బ్రష్షుతో దులిపి నూనె చుక్క వేయమన్నారు మీరు. అక్కడితో ఆగొచ్చుగా! "ఇంతకీ పిల్లి ఏ రంగండీ?" అట. ఎందుకండీ రంగు? నల్ల వెంట్రుకలకో సూది, తెల్ల వెంట్రుకలకో సూదీ వేస్తారా?

అడగడమే తరువాయి, ఫొటో పంపింది. పేరుకే పిల్లి ఫొటో. ఓ మూల తోక ముక్క, మిగతాదంతా ఆవిడే. జడ ముందుకేసుకుని మరీ!

నవ్వకండి, స్క్రూ జారుతుంది.

అంతకుముందు మీ పొడుగు జవాబులన్నీ ఎవరికొచ్చేవి? నా మిషను దారం తెంపుతోందంటే ఎంత ఓపిగ్గా రాసేవారు! "బిగువు కాస్త సడలించండి. తొందరేం లేదు, మెల్లిగా దారికొస్తుంది." మిషను గురించేనని నాకు తెలీదా? తెలుసు. అయినా గుండీలు కుడుతూ కుడుతూ ఆపి మళ్లీ చదువుకునేదాన్ని. మీకూ ఇంట్లో ఎవరూ లేరు, నాకూ లేరు. ఒక్కనాడైనా, మీరేం పెంచుతున్నారండీ అని అడిగారా? అడిగుంటే పిల్లేం ఖర్మ, ఏనుగునే తెచ్చి కట్టేసుకునేదాన్ని.

పిల్లికి దగ్గని ఆవిడ. తేనె నాకించమని మీరు. ఒళ్లు మండిపోయింది. రెండూ ఆపేసి ఇద్దరికీ రాశాను. అక్షరాలు కూడబలుక్కునేసరికి పొద్దు వాలింది. "ఇది కుట్టుమిషన్ల గ్రూపు. పిల్లి సంగతి విడిగా మాట్లాడుకోండి."

మర్నాటి నుంచీ గ్రూపు కడిగిన అద్దమే! సూదులు, బెల్టులు, నూనె. పిల్లి లేదు, ఆవిడా లేదు. బాగా కుదిర్చానని మురిసిపోయాను. మీ జవాబులూ తగ్గాయి. పని ఎక్కువైందేమో అనుకున్నాను, పిచ్చి మొహాన్ని.

ఇవాళ పొద్దున మీ మెయిలొచ్చింది. పైన మీ పేరు, పక్కనే ఆవిడ పేరు. మళ్లీ మొదలెట్టారని తెరవకుండానే ఆపాను. ఇంతకీ ఏముంది అందులో?

ఏమిటీ?

విడిగా మాట్లాడుకున్నారా? రోజూనా?

ఓహో. పెళ్లి.

నా వల్లేనా! అందరి ముందూ అయితే మీ మాట పిల్లిని దాటేదే కాదా? నేను విడిగా అన్నాకే మీకు ధైర్యం వచ్చిందా? ఆహా. ఎంత మంచిదాన్నండీ నేను! నా చేత్తో నేనే, ఒక్క తప్పు లేకుండా రాసి మరీ పంపాను.

ఇప్పుడు దాన్ని గ్రూపులోకి వదలమంటారా? మిషను ముక్క ఒక్కటైనా ఉందా అందులో? లేదు కదా. మరి వదలను. ఇంటింటికీ వెళ్లి చెప్పుకోండి.

అయిపోయిందా? ఇటు జరగండి, తొక్కి చూస్తాను.

దారం తెగట్లేదే. అటూ ఇటూ లాగినా తెగట్లేదు. బాగా చేశారు.

ఇంక మీకు రాయడానికి నాకేం సంగతుందండీ?